ఫుడ్ బ్యాంకు గురించి అమెరికాలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ శివార్లలో ఉంటాను. వీలైన శనివారాల్లో ఇక్కడి ఫుడ్ బ్యాంకు గోడౌన్‌లో సరుకులు సర్దే పనికి వెళ్తుంటాను. ఎక్కడైనా లేఆఫ్‌ల వార్త వచ్చిందంటే చాలు, వాట్సాప్‌లో అవే ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువగా "మా ఫ్రెండ్ ఒకతను అడగమన్నాడు" అంటూ. చెప్పిందే చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను లాయర్ని కాను, కాబట్టి వీసా సంగతులు మాత్రం మీ లాయర్‌ని అడిగి ఖాయం చేసుకోండి.

## అసలు ఇదేమిటి?

ఫుడ్ బ్యాంకు, ఫుడ్ ప్యాంట్రీ రెండూ ఒకటేనా?

కాదు. ఫుడ్ బ్యాంకు అంటే హోల్‌సేల్ గోడౌన్. కొన్ని కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కలిపి ఒకటి ఉంటుంది. లారీల్లో సరుకు దింపుకుని, తనిఖీ చేసి, చల్లగా ఉంచాల్సినవి కోల్డ్ స్టోరేజిలో పెట్టి, చుట్టుపక్కల ఊళ్లకు పంపుతుంది. మనం వెళ్లి సంచి నింపుకునేది ఫుడ్ ప్యాంట్రీలో. అది చర్చిలో ఉండొచ్చు, స్కూల్లో, కమ్యూనిటీ సెంటర్లో, కాలేజీలో ఉండొచ్చు. ఉదాహరణకు హ్యూస్టన్ ఫుడ్ బ్యాంకు టెక్సస్ ఆగ్నేయ ప్రాంతంలో 18 కౌంటీలకు సరుకు పంపుతుంది. శాన్ హోసే వైపు సెకండ్ హార్వెస్ట్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ 1974 నుంచీ ఉంది. డాలస్ వైపు నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంకు 1982లో మొదలైంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లన్నిటికీ ఏదో ఒక ఫుడ్ బ్యాంకు ఉంది. దేశం మొత్తమ్మీద ఇలాంటివి 200 దాకా ఫీడింగ్ అమెరికా అనే సంస్థ గొడుగు కింద పనిచేస్తున్నాయి.

ఇంత డబ్బున్న దేశంలో తిండికి లేనివాళ్లు ఉంటారా అండీ?

ఉంటారు, అదీ కార్లున్న ఇళ్లలోనే. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 2023లో 13.5 శాతం కుటుంబాలకు ఏడాదిలో ఏదో ఒక సమయంలో సరిపడా తిండి సమకూర్చుకోవడం కష్టమైంది. 2021లో అది 10.2 శాతం. మధ్యలో సరుకుల ధరలు, అద్దెలు పెరిగాయి. కోవిడ్ రోజుల్లో ఇచ్చిన అదనపు సాయాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అద్దె, కారు ఇన్‌స్టాల్‌మెంటు, ఇన్సూరెన్సు ఆగవు. తగ్గించుకోగలిగిన ఖర్చు తిండి ఒక్కటే. అందుకే ముందు కోత దానికే పడుతుంది. 2020 నవంబరు 14న డాలస్ ఫెయిర్ పార్కులో ఫుడ్ బ్యాంకు ఒక్కరోజే 6 లక్షల పౌండ్లకు పైగా సరుకు పంచింది. ఆ వరుసలో నిలబడినవి కార్లే. నెల జీతం రాకపోతే రెండో నెల గడవని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వాటిలో గేటెడ్ కమ్యూనిటీ ఇళ్లు కూడా కొన్ని ఉంటాయి.

ఆ సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? షాపులవాళ్లు పారేసేదా?

పారేయబోయేదాన్ని పారేయకుండా ఆపడంతోనే ఈ పని మొదలైంది, ఆ మాట నిజం. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన తొలి ఫుడ్ బ్యాంకు పెట్టాడు. షాపు వెనక చెత్తడబ్బాల్లో దొరికిన వాటితో పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, మంచి సరుకును దాచి, కావలసినవాళ్లు తీసుకునేలా బ్యాంకులాంటిది ఉంటే బాగుండునని ఆయనతో అన్నదట.

ఇప్పుడు సరుకు నాలుగు వైపుల నుంచి వస్తుంది. సూపర్ మార్కెట్లు, ఫుడ్ కంపెనీలు ఇచ్చేది (ప్యాకింగు సొట్టపోయినవి, సీజను దాటినవి, ఎక్కువగా తయారైనవి), రైతుల దగ్గర మిగిలిన కూరగాయలు, ప్రభుత్వం రైతుల నుంచి కొని పంపేది, విరాళాల డబ్బుతో ఫుడ్ బ్యాంకు తానే కొనేది. గోడౌన్‌లో మేం చేసే పనిలో సగం ఏరివేతే. ఉబ్బిన డబ్బాలు, కారుతున్న సీసాలు, సీలు ఊడిన ప్యాకెట్లు పక్కకు తీసేస్తాం.

ఇది గవర్నమెంటు నడుపుతుందా?

లేదు, ఇవి లాభాపేక్ష లేని సంస్థలు. ప్రభుత్వం నుంచి కొంత సరుకు వస్తుంది కాబట్టి ఆ సరుకుకు కొన్ని నిబంధనలు ఉంటాయి, అంతే.

## వెళ్లాలా, వద్దా?

హెచ్-1బి మీద ఉన్నాను, ఉద్యోగం పోయింది. ప్యాంట్రీలో సరుకు తీసుకుంటే రేపు గ్రీన్ కార్డుకు అడ్డం వస్తుందా?

నాకు అందరికంటే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇది. కొంచెం వివరంగానే చెబుతాను.

మీ భయం 'పబ్లిక్ ఛార్జ్' గురించి. ప్రభుత్వం మీద ఆధారపడి బతికే మనిషి అవుతాడనిపిస్తే గ్రీన్ కార్డు నిరాకరించవచ్చనే నిబంధన అది. 2022 చివర్లో అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం లెక్కలోకి తీసుకునేవి ముఖ్యంగా రెండు: బతుకుతెరువు కోసం ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో ఆస్పత్రిలాంటి సంస్థల్లో దీర్ఘకాలం ఉండటం. ఫుడ్ ప్యాంట్రీ బియ్యం, పప్పు అందులో లేవు. ట్రంప్ మొదటి పాలనలో 2019లో తెచ్చిన కఠిన నియమంలో ఫుడ్ స్టాంపులు (సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) లెక్కలోకి వచ్చాయి. అప్పుడు కూడా ఫుడ్ ప్యాంట్రీలు రాలేదు. 2022 నియమాన్ని ఎత్తేస్తామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. కాబట్టి ఫారం నింపే రోజున ఏది అమల్లో ఉందో లాయర్‌ని అడగండి.

నా మాట అడిగితే, ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి ఇచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషి, చర్చి హాలులో ఇచ్చే క్యాబేజీ గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. భయపడి పిల్లలకు పాలు తగ్గించిన ఇళ్లు నాకు తెలుసు. ఆ భయంలో చాలాభాగం ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజిలదే.

స్నాప్ అన్నా, ఫుడ్ బ్యాంకు అన్నా ఒకటే కదా?

రెండూ వేరు. స్నాప్ అంటే పాత ఫుడ్ స్టాంపులు. ప్రభుత్వం ప్రతి నెలా కార్డులో డబ్బు వేస్తుంది, దాంతో షాపులో సరుకు కొనుక్కోవాలి. దానికి ఇమిగ్రేషన్ స్టేటస్ చూస్తారు. హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలు), ఎఫ్-1 (చదువు) వీసాల వాళ్లకు స్నాప్ రాదు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్లు మామూలుగా అయిదేళ్లు ఆగాలి, 18 ఏళ్ల లోపు పిల్లలకు ఆ గడువు లేదు. అమెరికాలో పుట్టిన పిల్లలు పౌరులే కాబట్టి, ఆదాయ పరిమితిలో ఉంటే వాళ్ల పేరున అప్లై చేయవచ్చు. మీకు గ్రీన్ కార్డు ఆలోచన ఉంటే ఆ పని ముందు లాయర్‌తో మాట్లాడి చేయండి.

ఈ రెండింటిలో పెద్దది స్నాప్. ఫుడ్ బ్యాంకుల నుంచి ఒక పూట భోజనం అందితే, స్నాప్ ద్వారా తొమ్మిది పూటలు అందుతాయని ఫీడింగ్ అమెరికానే చెబుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా ప్రభుత్వం మూతపడి నవంబరు స్నాప్ డబ్బు ఆగినప్పుడు ఆ తేడా ఏమిటో ప్యాంట్రీల ముందు తెలిసొచ్చింది. విరాళాలతో పూడ్చగలిగేంత గొయ్యి కాదది. ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి కదా, ప్రభుత్వ సాయం ఎందుకు అనేవాళ్లకు ఈ లెక్క చూపించాలి.

అన్నా, నేను ఎంఎస్ స్టూడెంట్‌ని. మాకు ఇస్తారా?

అమెరికాలో చాలాచోట్ల ఇస్తారు. ముందు మీ క్యాంపస్‌లోనే చూడండి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్‌లో కామెట్ కప్‌బోర్డ్, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో కూగర్ కప్‌బోర్డ్ ఉన్నాయి. అక్కడ అడిగేది స్టూడెంట్ ఐడీ, ఏ దేశం నుంచి వచ్చావని కాదు. ఎఫ్-1 మీద సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని. ఆ డబ్బుతో అద్దె కట్టాక ఏం మిగులుతుందో మీకు నేను చెప్పాలా? ఇంట్లో వాళ్లు అప్పు చేసి పంపారని రోజుకొక పూట తిని నెట్టుకొచ్చే పిల్లలున్నారు. ఆ పని చేయకండి.

ఒక్కమాట. "ఫ్రీగా నెల సరుకులు ఎలా తెచ్చుకోవాలి" అని వీడియోలు తీసి పెట్టకండి. అవసరానికి వెళ్లడం వేరు, దాన్ని ట్రిక్కుగా చూపించడం వేరు. ఆ వీడియోల కింద వచ్చే తిట్లు అన్నీ నిజంగా ఆకలితో వెళ్లే కుర్రాడికి తగులుతాయి.

కెనడాలో మా తమ్ముడిని వెళ్లగొట్టారట, నిజమేనా?

అయి ఉండొచ్చు. వాంకూవర్, బ్రాంప్టన్‌లాంటి చోట్ల కొన్ని ఫుడ్ బ్యాంకులు విదేశీ విద్యార్థులకు, లేదా మొదటి ఏడాది వాళ్లకు, ఇవ్వడం ఆపేశాయి. స్టడీ పర్మిట్ తీసుకునేటప్పుడు బతకడానికి సరిపడా డబ్బుందని చూపిస్తారు కదా అన్నది వాళ్ల వాదన. 2024 జనవరి నుంచి ఆ మొత్తాన్ని 10,000 నుంచి 20,635 కెనడా డాలర్లకు పెంచారు కూడా. 2024 మార్చి ఒక్క నెలలోనే కెనడా ఫుడ్ బ్యాంకులకు జనం 20 లక్షలకు పైగా సార్లు వచ్చారు. సరుకు చాలక గీత గీశారు. ఆ గీత న్యాయంగా ఉందని నేను అనను, కానీ అన్ని ఫుడ్ బ్యాంకుల తీరూ అది కాదు. కాలేజీలోని స్టూడెంట్ యూనియన్ ప్యాంట్రీని అడగమనండి, గురుద్వారాలో లంగర్ (అందరికీ పెట్టే ఉచిత భోజనం) ఎప్పుడూ ఉంటుంది.

నిన్నటిదాకా మంచి జీతం తీసుకున్నవాళ్లం. ఇప్పుడు వెళ్తే పేదవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు కాదా?

ప్యాంట్రీవాళ్లు చూసేది ఇప్పటి మీ పరిస్థితిని. పోయినేడాది జీతం ఎంతని అడగరు. మీరు తీసుకున్నందువల్ల వెనకున్నవాళ్లకు లేకుండా పోవడం చాలా అరుదు, ఎందుకంటే ఎంతమంది వస్తారన్న అంచనా మీదే సరుకు తెప్పిస్తారు. పైగా కూరగాయలు, పాలు, బ్రెడ్డు ఆ వారంలో పోకపోతే పాడవుతాయి. బ్యాంకులో ఆర్నెల్లకు సరిపడా డబ్బుంటే వెళ్లకండి. రెండో నెల అద్దెకు క్రెడిట్ కార్డు గీకే పరిస్థితి వస్తే వెళ్లండి.

తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందేమో?

చూడొచ్చు. సరుకు అందించే వాలంటీరే మీ కాలనీ ఆయన కావచ్చు. అక్కడ చూసింది బయట చెప్పకూడదని వాలంటీర్లకు గట్టిగా చెబుతారు, చాలామంది పాటిస్తారు. మరీ ఇబ్బందిగా ఉంటే రెండు జిప్ కోడ్‌ల (మన పిన్‌కోడ్ లాంటివి) అవతల, కారు దిగక్కర్లేని డ్రైవ్-త్రూ చోటు చూసుకోండి.

## మొదటిసారి వెళ్లేటప్పుడు

మా దగ్గర ప్యాంట్రీ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

మీ ప్రాంతపు ఫుడ్ బ్యాంకు వెబ్‌సైట్లో జిప్ కోడ్ కొడితే దగ్గరలో ఉన్నవి, తెరిచే వేళలు కనిపిస్తాయి. లేదా స్థానిక సాయాల వివరాలు చెప్పే 211 నంబరుకు ఫోన్ చేయండి. వెళ్లే రోజు పొద్దున ఒకసారి ఫోన్ చేయడం మంచిది. చాలా ప్యాంట్రీలు వారానికి ఒకటి రెండు రోజులే, అదీ రెండు మూడు గంటలే తెరుస్తాయి. సెలవు రోజుల్లో వేళలు మారతాయి.

ఏ కాగితాలు తీసుకెళ్లాలి? పాస్‌పోర్టు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) అడుగుతారా?

మామూలుగా అడిగేవి: పేరు, అడ్రసు, ఇంట్లో ఎంతమంది, వాళ్ల వయసులు. ప్రభుత్వ సరుకు ఇచ్చే చోట ఆదాయం ఇంత లోపే అని ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. జీతం స్లిప్పులు సాధారణంగా చూడరు. కొన్నిచోట్ల అడ్రసుకు రుజువుగా కరెంటు బిల్లు, ఏదైనా ఫోటో ఐడీ అడుగుతారు. ఎస్ఎస్ఎన్, వీసా కాగితాలు అడగడం సాధారణం కాదు. అడిగితే ఎందుకని నెమ్మదిగా అడగండి, నచ్చకపోతే ఇంకో ప్యాంట్రీకి వెళ్లండి. సంతకం పెట్టే ఫారంలో మాత్రం నిజమే రాయండి.

అక్కడికెళ్లాక ఏం జరుగుతుంది?

రెండు పద్ధతులున్నాయి. డ్రైవ్-త్రూలో కారు వరుసలో పెట్టి, మీ వంతు రాగానే డిక్కీ తెరిస్తే వాలంటీర్లే పెట్టెలు పెట్టేస్తారు. డిక్కీ ముందే ఖాళీ చేసుకోండి. రెండోది షాపులాంటిది. బండి తోసుకుంటూ వెళ్లి, ఇంట్లో మనుషుల లెక్కన ఒక్కో అరలోంచి ఇన్ని అని మీరే ఎంచుకుంటారు. మనలాంటి తిండి అలవాట్లకు రెండోదే మేలు, వెతికి మరీ అలాంటిచోటికే వెళ్లండి. సంచులు మీవి తీసుకెళ్లండి. పాలు, గుడ్లు కూడా ఇస్తారు కాబట్టి ఎండాకాలంలో ఐస్‌బాక్స్ ఉంటే మంచిది.

నాకు కారు లేదు. అమ్మానాన్నా ఇక్కడే ఉన్నారు, వాళ్లూ వెళ్లలేరు.

మీ తరఫున వేరేవాళ్లు తెచ్చేలా చాలా ప్యాంట్రీలు ఒప్పుకుంటాయి, మీరు సంతకం చేసిన చీటీ ఉంటే చాలు. ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల ఉంది, అడగండి.

## ఇంటికి తెచ్చుకున్నాక

మేం శాకాహారులం. మాకు పనికొచ్చేవి ఉంటాయా?

మీరు అనుకునేదానికంటే ఎక్కువే ఉంటాయి, పేర్లే కొత్త. బ్లాక్-ఐడ్ పీస్ మన అలసందలు, బొబ్బర్లే. నానబెట్టి రుబ్బితే వడలు, ఉడికిస్తే గుగ్గిళ్లు. గార్బాంజో అంటే కాబూలీ శనగలు. లెంటిల్స్ అని ఇచ్చేవి పొట్టుతో ఉన్న మసూర్ పప్పు, టమాటా వేసి పప్పు చేసుకోవచ్చు. పింటో బీన్స్ మన ఇళ్లలో తెలియవు కానీ, రాత్రంతా నానబెట్టి కుక్కర్లో పెడితే రాజ్మాలాగే వస్తాయి. ఎర్ర కిడ్నీ బీన్స్‌ను మాత్రం పచ్చివి నేరుగా స్లో కుక్కర్లో వేయకండి, బాగా మరిగి ఉడకాలి. లేదంటే కడుపు పాడవుతుంది.

గ్రిట్స్ అని ఒక ప్యాకెట్ వస్తుంది, ఎవరూ తీసుకోరు. అది జొన్నరవ్వకు చుట్టంలాంటి మొక్కజొన్న రవ్వ. పోపు వేసి ఉప్మా చేయండి, నిమ్మకాయ పిండితే ఇంకా బాగుంటుంది. టర్నిప్ ఆకు, కాలర్డ్ ఆకు పప్పులోకి పనికొస్తాయి, కాస్త ఎక్కువసేపు ఉడకాలి. డబ్బాలో వచ్చిన బీన్స్‌ను నీళ్లతో కడిగి వాడితే ఉప్పు కొంత తగ్గుతుంది. పీనట్ బటర్‌తో పల్లీ చట్నీ చేయాలనుకుంటే ముందు చక్కెర కలిపారేమో చూడండి. గుత్తివంకాయలో పెట్టి పాయసం తిన్నట్టు తిన్నవాళ్లున్నారు.

లేబుల్ చదవాల్సినవి: రీఫ్రైడ్ బీన్స్‌లో పందికొవ్వు ఉండొచ్చు, వెజిటబుల్ సూప్ అన్నదాంట్లో చికెన్ లేదా బీఫ్ రసం ఉండొచ్చు, మార్ష్‌మాలోలు, కొన్ని పెరుగు కప్పుల్లో జెలటిన్ ఉంటుంది. హలాల్ కావలసినవాళ్లు కూడా ఇవే చూసుకోవాలి. మాంసం వద్దంటే ముందే చెప్పండి. మీ పెట్టెలోంచి తీసి ఇంకొకరికి ఇస్తారు, దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు.

డబ్బా మీద డేట్ దాటిపోయింది. కుళ్లిన సరుకు అంటగట్టారా?

అమెరికాలో ఆహారం మీద ముద్రించే తేదీలు చాలావరకు కంపెనీ తనకు తానుగా వేసుకునేవే. ఆ తేదీ లోపు రుచి, నాణ్యత బాగుంటాయని దాని అర్థం. మర్నాటికల్లా విషమవుతుందని కాదు. కేంద్ర చట్టం ప్రకారం తేదీ తప్పనిసరి అయినది పసిపిల్లల ఫార్ములా పాలపొడి ఒక్కటే. దాన్ని తేదీ దాటాక వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. మిగతా డబ్బాలు ఉబ్బకుండా, తుప్పు పట్టకుండా, అంచు దగ్గర లోతుగా సొట్ట లేకుండా ఉంటే తేదీ దాటిన చాలా నెలల వరకూ బాగానే ఉంటాయి. ఉబ్బిన డబ్బా మాత్రం వాసన కూడా చూడకుండా పారేయండి.

మా ఆవిడ గర్భవతి, మూడేళ్ల పాప కూడా ఉంది. ప్యాంట్రీ సరుకుతో సరిపెట్టుకోవాలా?

విక్ అనే ప్రభుత్వ కార్యక్రమాన్ని చూడండి. గర్భిణులు, బాలింతలు, అయిదేళ్ల లోపు పిల్లలకు పాలు, గుడ్లు, పప్పుదినుసులు, పండ్లు, ఫార్ములా ఇస్తుంది. స్నాప్‌కు ఉన్నట్టు ఇమిగ్రేషన్ స్టేటస్ షరతు దీనికి లేదు, ఆదాయ పరిమితి ఉంటుంది. స్కూలుకెళ్లే పెద్దపిల్లలుంటే ఉద్యోగం పోగానే ఉచిత మధ్యాహ్న భోజనం ఫారం నింపండి, ఏడాది మధ్యలో కూడా తీసుకుంటారు.

మేం తినని సరుకు మిగిలింది. ఏం చేయాలి?

ప్యాంట్రీకి తిరిగిస్తే చాలాచోట్ల తీసుకోరు, ఇంటికెళ్లిన సరుకును వాళ్లు మళ్లీ పంచకూడదు. పక్కింటివాళ్లకు ఇచ్చేయండి. అమ్మకూడదు.

## ఇచ్చేవాళ్ల ప్రశ్నలు

మా అసోసియేషన్ తరఫున బియ్యం బస్తాలు కొనిద్దామా, డబ్బిద్దామా?

డబ్బివ్వండి. ఫోటోకు బస్తాలు బాగుంటాయని తెలుసు. కానీ ఫుడ్ బ్యాంకులు లారీల లెక్కన కొంటాయి, మనం కాస్ట్‌కోలాంటి పెద్ద షాపులో పెట్టే డబ్బుకే వాళ్లకు చాలా ఎక్కువ సరుకు వస్తుంది. ఒక డాలరుతో కనీసం 10 పూటల భోజనానికి సాయపడతామని ఫీడింగ్ అమెరికా చెబుతుంది. మీ కంపెనీ మ్యాచింగ్ (మీరిచ్చినదానికి తోడు తనూ కలిపి ఇవ్వడం) ఇస్తుందేమో కూడా చూడండి. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా నగదు విరాళాల మీద ఒక్కరికి 1,000 డాలర్లు, దంపతులకు 2,000 డాలర్ల దాకా ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు చూపించుకోవచ్చు.

సరుకే ఇవ్వాలని పట్టుదల ఉంటే మనవాళ్లు వెళ్లే ప్యాంట్రీని కనుక్కుని, కందిపప్పు, సోనా మసూరి, పసుపు, పోపుదినుసులు సీలున్న ప్యాకెట్లలో ఇవ్వండి. మామూలు దారిలో అవి ఎప్పుడూ రావు.

గుడిలో అన్నదానం మిగిలింది, పెళ్లి భోజనం మిగిలింది. తీసుకుంటారా?

ఇంట్లో వండినది తీసుకోరు. లైసెన్సున్న కిచెన్‌లో వండి, వడ్డించకుండా ట్రేల్లో వేడిగానో చల్లగానో సరిగ్గా ఉంచినదైతే వండిన ఆహారం పంచే సంస్థలు కొన్ని తీసుకుంటాయి. వడ్డనకు తెరిచిన గిన్నెల్లోది ఎవరికీ వద్దు. కార్యక్రమం అయ్యాక రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎవరూ రారు, ముందురోజే మాట్లాడుకోండి. ఎవరికైనా ఏదైనా అయితే కేసు పడుతుందేమోనని కేటరర్లు జంకుతారు. మంచి మనసుతో లాభాపేక్ష లేని సంస్థకు ఇచ్చినవాళ్లకు 1996 నాటి బిల్ ఎమర్సన్ చట్టం రక్షణ ఇస్తుంది, నిర్లక్ష్యం మరీ హద్దు దాటితే తప్ప.

హెచ్-4 మీద, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు వాలంటీర్‌గా పనిచేయొచ్చా?

డబ్బు, గిఫ్టు కార్డులు ఏవీ తీసుకోకుండా, ఎప్పుడూ వాలంటీర్లే చేసే సర్దుడు, పంపిణీ లాంటి పనులు చేయొచ్చు. జీతమిచ్చి చేయించుకునే ఆఫీసు పనిని ఉచితంగా చేయబోతే చిక్కొస్తుంది.

పిల్లల్ని వాలంటీర్ పనికి ఎప్పుడు తీసుకురమ్మంటారు? థ్యాంక్స్‌గివింగ్‌కు స్లాట్లు దొరకడం లేదు.

అందరూ అప్పుడే వస్తారు మరి. నవంబరు, డిసెంబరుల్లో వాలంటీర్లు ఎక్కువై వెనక్కి పంపాల్సి వస్తుంది. జులైలో స్కూళ్లు ఉండవు, పిల్లల మధ్యాహ్న భోజనం ఆగిపోతుంది, ప్యాంట్రీలకు జనం పెరుగుతారు, సర్దేవాళ్లేమో సెలవులకు ఇండియా వెళ్లిపోతారు. జులైకి బుక్ చేయండి. వయసు పరిమితి ఒక్కో గోడౌన్‌లో ఒక్కోలా ఉంటుంది, సైట్లో చూసుకోండి. పిల్లలకు కాలివేళ్లు కనిపించకుండా మూసి ఉండే బూట్లు తప్పనిసరి, చెప్పులతో వస్తే లోపలికి రానివ్వరు.